పిల్లలు పుట్టని ఏడాదికి డబ్బెవరిస్తారు? కాకాపో సంగతి, మీ సీఎస్‌ఆర్ ప్రశ్నకి జవాబు

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి, ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. హైదరాబాదులో మీ కంపెనీ సీఎస్‌ఆర్ కమిటీలో, అంటే లాభంలో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టే కమిటీలో, మీరున్నారు, న్యూజిలాండ్‌లో కాకాపో అనే ఎగరలేని చిలుకని కాపాడటానికి ఒక కరెంటు కంపెనీ డబ్బిస్తోందని ఎక్కడో చదివారు, అది నిజంగా పిట్టకి పనికొస్తుందా లేక కంపెనీ పేరు కోసమేనా అన్నది మొదటి అనుమానం. మీరు కూడా ఏడాదికొక జంతువునో పక్షినో ఎంచుకుని సాయం చేద్దామనుకుంటున్నారు, అది మంచి పద్ధతేనా అన్నది రెండోది. వచ్చే ఏడాది పిల్లలతో న్యూజిలాండ్ వస్తున్నారు, ఆ పిట్టని చూడొచ్చా అన్నది మూడోది.

మొదటిదానికి జవాబు, పనికొస్తుంది, నేను కళ్లారా చూశాను. రెండోదానికి, వద్దండి, ఏడాదికొకటి అన్న పద్ధతి అస్సలు వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా రాయాలి, ఓపిగ్గా చదవండి. మూడోది చివర్లో చెప్తాను.

నాది కడప జిల్లా, బద్వేలు వైపు. పద్నాలుగేళ్లుగా న్యూజిలాండ్ దక్షిణం చివర ఇన్వర్‌కార్‌గిల్ దగ్గర ఉంటున్నాను. ఉద్యోగం లెక్కలు చూడటం, అందులో ఎక్కువ భాగం చిన్నా పెద్దా ధర్మ సంస్థల లెక్కలే, కాబట్టి దాతల డబ్బు ఎలా వస్తుందో ఎలా ఆగిపోతుందో రోజూ చూసే పనే నాది. కాకాపోలుండే ఫెనువా హౌ దీవికి వాలంటీరుగా రెండుసార్లు వెళ్లాను. శాస్త్రవేత్తని కాదు. కానీ డబ్బు వైపు నుంచీ, పిట్టల మేత గుళికల సంచి మోసే వైపు నుంచీ ఈ పని తెలిసినవాణ్ణి.

ముందు పిట్ట గురించి తెలియాలి, ఎందుకంటే డబ్బు సంగతంతా దాని స్వభావంలోనే ఉంది. కాకా అంటే మావోరీ భాషలో చిలుక, పో అంటే రాత్రి. రాత్రి తిరిగే చిలుక. ప్రపంచంలో ఎగరలేని చిలుక ఇదొక్కటే, బరువులో కూడా చిలుకలన్నిటికన్నా పెద్దది, బాగా తిన్న మగది నాలుగు కిలోల దాకా తూగుతుంది. నాచు రంగు ఒళ్లు, గుడ్లగూబ లాంటి మొహం. భయమేస్తే పారిపోదు, ఉన్నచోటే బిగుసుకుపోయి నిలబడుతుంది. గద్దలు పైనుంచి వెతికే కాలంలో అది తెలివైన పనే, కదలకపోతే కనబడదు. కానీ వాసన పట్టి వచ్చే పిల్లి ముందూ, సన్నగా ముంగిసలా ఉండే స్టోట్ ముందూ అలా నిలబడటం అంటే ప్రాణం చేతికిచ్చినట్టే. పైగా దాని ఒంటికి ఒక తియ్యని వాసన ఉంటుంది, పాత చందనం పెట్టె తెరిచినట్టు, కొంచెం తేనె కలిసినట్టు అనిపించింది నాకు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఇది ఏటా గుడ్లు పెట్టదు. దక్షిణ దీవుల్లో రిము అనే చెట్టు విరగకాసిన ఏడాదే పెడుతుంది, ఆ చెట్టు అలా కాసేది రెండు నుంచి నాలుగేళ్లకొకసారి. ఆ ఏడాది వేసవిలో మగవి కొండ మీదికెక్కి, నేలలో గిన్నె లాంటి గుంట తవ్వుకుని, ఛాతీ ఉబ్బించి రాత్రంతా 'బూమ్ బూమ్' అని మోగిస్తాయి, రోజుకి ఎనిమిది గంటల దాకా, రెండు మూడు నెలలపాటు. ఆ శబ్దం కొన్ని కిలోమీటర్ల దూరం వినబడుతుంది. వినబడుతుంది అనడం కన్నా ఖాళీ గాబు మీద ఎవరో అరచేత్తో చరిచినట్టు మన రొమ్ములో తగులుతుంది అనాలి. ఆడది వస్తుంది, జతకడుతుంది, వెళ్లిపోతుంది. గుడ్లు పొదగడం, పిల్లల్ని సాకడం అంతా ఆడదే, ఒక్కతే. రాత్రి మేతకి వెళ్లినప్పుడు గూట్లో ఎవరూ ఉండరు. గూడు నేల మీదే ఉంటుంది. పెట్టిన గుడ్లలో సుమారు సగం పిల్లలు కావు.

ఇప్పుడు మీ కమిటీలో కూర్చున్న మనిషిలా ఆలోచించండి. ఈ ఏడాది డబ్బిచ్చారు. పిల్లలు ఎన్ని? సున్నా. వచ్చే ఏడాది? సున్నా. ఆ పై ఏడాది? కాయ కాస్తే చెప్తాం. 2002 నుంచి 2025 దాకా చూస్తే 2002, 2005, 2008, 2009, 2011, 2014, 2016, 2019, 2022 ఈ ఏళ్లలోనే గుడ్లు పెట్టాయి, వాటిలోనూ కొన్నేళ్లు నామమాత్రమే. 2022 తరువాత 2023, 2024, 2025 మూడేళ్లూ ఒక్క పిల్ల పుట్టలేదు, ముసలివి కొన్ని పోవడంతో సంఖ్య కొంచెం తగ్గింది కూడా. కానీ ఆ మూడేళ్లూ పని ఆగిందా? ఆగలేదు. ఆగి ఉంటే తరువాతి పంటకి పిట్టలే ఉండవు. ఈ ఖాళీ ఏళ్లకి డబ్బెవరిస్తారు అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడిదాకా రావడం ఎంత కష్టమైందో కొంచెం చెప్తాను. 1880ల్లో ఇక్కడి దొరలు కుందేళ్ల బెడద తీర్చుకోవడానికి స్టోట్‌లని తెచ్చి వదిలారు, అవి కుందేళ్లని వదిలి పిట్టల మీద పడ్డాయి. 1894లో రిచర్డ్ హెన్రీ అనే ఆయన్ని ప్రభుత్వం నైరుతి మూలనున్న ఫియోర్డ్‌ల్యాండ్ ఒడ్డున రెజల్యూషన్ అనే దీవికి సంరక్షకుడిగా పంపింది. పడవకి తెడ్డేసుకుంటూ, మూతికి చిక్కం కట్టిన కుక్కతో వెతికి, కాకాపోలనీ కివీలనీ వందల కొద్దీ ఆ దీవికి చేర్చాడు. 1900 ప్రాంతంలో స్టోట్‌లు ఈదుకుంటూ దీవికి వచ్చేశాయి. అన్నేళ్ల కష్టం అంతా పోయింది. ఆయన కథ చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, ఆయన చేసినదాంట్లో తప్పు లేదు, దీవి ఒడ్డుకి మరీ దగ్గర, అంతే.

1970లకి ఫియోర్డ్‌ల్యాండ్ కొండల్లో వెతికితే దొరికినవన్నీ మగవే. జాతి అయిపోయినట్టే అనుకున్నారు. 1977లో దక్షిణాన రకియూరాలో, అంటే స్టూవర్ట్ దీవిలో, మరికొన్ని బతికున్నాయని తెలిసింది, 1980లో వాటిలో ఆడవి ఉన్నాయని తేలింది. అయితే అక్కడ పిల్లులున్నాయి, కనిపెట్టుకుని చూసిన పెద్ద పిట్టల్లో సగానికి పైగా ఏడాదిలో వాటికే బలవుతున్నాయి. అందుకని దొరికినవాటిని దొరికినట్టు పట్టి, పిల్లులూ స్టోట్‌లూ లేని దీవులకి తరలించారు. 1995లో లెక్కపెడితే మొత్తం 51. ప్రపంచం మొత్తం మీద 51 పిట్టలు. ఒక ఆర్టీసీ బస్సులో సీట్లకి సరిపోతాయి.

ఆ పని వెనకున్న భాగస్వామ్యం 1990లో మొదలైంది, మీరు అడిగిన కంపెనీ ఇది కాదు, దానికి ముందుది. ఒక పక్క ప్రభుత్వ సంరక్షణ శాఖ, ఒక పక్క ఫారెస్ట్ అండ్ బర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ, మూడో పక్క కొమాల్కో అనే అల్యూమినియం కంపెనీ, తరువాత రియో టింటో చేతిలోకి వచ్చింది. బ్లఫ్ దగ్గర తివాయ్ పాయింట్‌లో వాళ్ల కర్మాగారం ఉంది, దానికి కరెంటు ఫియోర్డ్‌ల్యాండ్‌లోని మానపోరి సరస్సు నుంచి వస్తుంది. ఆ కర్మాగారం కరెంటు కోసమే సరస్సు మట్టం బాగా పెంచాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు దేశమంతా గొడవైంది. ఫారెస్ట్ అండ్ బర్డ్ వాళ్లే 1970లో 2,64,907 మందితో సంతకాలు చేయించారు, అంటే అప్పటి జనాభాలో దాదాపు పదో వంతు. చివరికి సరస్సు మట్టం పెంచలేదు. అలా ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు ఇరవై ఏళ్ల తరువాత ఒక పిట్ట కోసం ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, పాతికేళ్లు కూర్చున్నారు. ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టిందని నేను చెప్పను. కానీ కంపెనీ మాటల్ని నమ్మని సంస్థ అదే బల్ల దగ్గర ఉండటం వల్ల డబ్బు ఎటు పోతోందో చూసే కళ్లు ఎప్పుడూ ఉన్నాయి. మీరు రేపు ఏ ఒప్పందం రాసుకున్నా, మీతో వాదించగలిగే వాళ్లు ఒకరు అందులో ఉండేట్టు చూసుకోండి.

2015లో ఆ పాతికేళ్ల ఒప్పందం ముగిసింది. 2016 నుంచి మెరీడియన్ ఎనర్జీ, మీరు చదివిన కరెంటు కంపెనీ ఇదే. మానపోరి విద్యుత్ కేంద్రం వీళ్లదే. అంటే ముందు పాతికేళ్లు ఆ సరస్సు కరెంటు వాడుకునేవాళ్లు ఇచ్చారు, ఇప్పుడు ఆ కరెంటు తీసేవాళ్లు ఇస్తున్నారు. డబ్బుతో పాటు సాంకేతిక సాయం చేస్తారు, వాళ్ల ఉద్యోగులు కొందరు వాలంటీర్లుగా వస్తారు. ఈ నేలకీ పిట్టలకీ మొదటి సంరక్షకులైన నాయ్ తాహు అనే మావోరీ తెగవారు నిర్ణయాల్లో భాగస్వాములు. వాళ్లు కాకాపోని తాఓంగా అంటారు, మన మాటలో చెప్పాలంటే తరతరాల సొత్తు, ప్రాణప్రదమైనది.

కంపెనీకి పేరు రాదా అంటే వస్తుంది. వస్తే రానివ్వండి. పేరు కోసమే ఇచ్చారా, మనసుతో ఇచ్చారా అని తవ్వడం మానేసి నేను ఒకటే చూస్తాను, పేరు రాని ఏడాది కూడా ఇచ్చారా లేదా. గూట్లో తెల్లటి దూది ఉండలా పిల్ల కూర్చున్న ఫొటో ఉంటే ఎవరైనా ఇస్తారు. ఆ ఫొటో లేని ఏడాది ఇచ్చినవాళ్లే భాగస్వాములు.

ఆ ఖాళీ ఏడాదిలో ఖర్చు దేనికి అంటారా, నేను వెళ్లిందే ఖాళీ ఏడాది, రెండుసార్లూ. దీవికి వెళ్లే ముందు ఇన్వర్‌కార్‌గిల్‌లో ఒక గదిలో సామానంతా బల్ల మీద బోర్లిస్తారు. బూట్ల అడుగులు, సాక్సులు, వెల్క్రో పట్టీలు, సంచి కుట్లు అన్నీ ఒక్కొక్కటి చూస్తారు, ఎలుక రాకూడదు, కలుపు గింజ రాకూడదు. మొదటిసారి నా రెయిన్‌కోటు జేబు మూలలో ఒక గడ్డి గింజ దొరికింది. నువ్వు గింజంత కూడా లేదు. అది తీసిన అమ్మాయి ఏమీ అనలేదు, పట్టకారుతో తీసి డబ్బాలో వేసి, మళ్లీ మొదటి జేబు నుంచి చూడటం మొదలుపెట్టింది. ఆ గదికి అద్దె, ఆ అమ్మాయికి జీతం, ఈ రెండూ ఏ దాతల బోర్డు మీదా కనబడవు, కానీ ఆ గది లేకపోతే రిచర్డ్ హెన్రీ దీవికి పట్టిన గతే దీనికీ పడుతుంది.

దీవిలో మా పని పొద్దున్నే గుళికల సంచి వీపుకెత్తుకుని బురద దారుల్లో కొండెక్కడం. ఎంచుకున్న పిట్టలకి అదనపు మేత పెట్టే డబ్బాలుంటాయి, పాతది తీసి మిగిలింది తూచి రాసుకుని, గిన్నె కడిగి, కొత్తది పోయాలి. కొన్ని డబ్బాలు ఏ పిట్ట కోసం పెట్టారో ఆ పిట్ట వస్తేనే తెరుచుకుంటాయి, దాని వీపు మీది ట్రాన్స్‌మిటర్‌ని గుర్తుపట్టి. దారి పక్కన ఆకులు చూస్తే కాకాపో వచ్చి వెళ్లిందో లేదో తెలిసిపోతుంది, అది ఆకుని కొరికి మింగదు, నమిలి నమిలి రసం పీల్చి పీచుని అలాగే కొమ్మకి వదిలేస్తుంది, అచ్చం మనం చెరకు నమిలి పిప్పి వదిలినట్టు. ఆ పిప్పి ఇంకా పచ్చిగా ఉంటే రాత్రి వచ్చిందన్నమాట. పదిహేను రోజుల్లో నేను పిట్టని దగ్గరగా చూసింది ఒక్కసారే, పిప్పి మాత్రం రోజూ చూశాను.

ప్రతి పిట్టకీ పేరుంది, ప్రతి పిట్ట వీపు మీదా స్కూలు బ్యాగులా ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. అది తిరుగుతోందా, పడుకుందా, గూట్లో కూర్చుందా, ఆఖరికి ఏ మగదానితో జతకట్టింది అన్నది కూడా దాని వల్ల తెలుస్తుంది. బ్యాటరీ అయిపోకముందే పిట్టని పట్టుకుని మార్చాలి, అప్పుడే బరువు, రక్తం, ఆరోగ్యం అన్నీ చూస్తారు. రాత్రిపూట, వానలో, పొదల కింద పాకుతూ చేసే పని. పిల్లలున్నా లేకపోయినా ఏటా చేయాల్సిందే. డబ్బు ముక్కాలు మూడొంతులు ఇలాంటి వాటికే అవుతుంది, జీతాలు, బ్యాటరీలు, గుళికలు, హెలికాప్టరు, డీజిలు. ఫొటోకి ఏదీ పనికిరాదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ కమిటీలో ఎవరో ఒకరు 'ఫలితం చూపించండి' అంటారు. ఈ పనిలో మొదట్లో పెద్ద పొరపాటు జరిగింది. ఆడవి బలంగా ఉంటే ఎక్కువ గుడ్లు పెడతాయని వాటికి బాగా మేత పెట్టారు. తీరా చూస్తే బాగా తిన్న తల్లులకి మగపిల్లలే ఎక్కువ పుడుతున్నాయి. అసలే ఆడవి తక్కువ, పైగా ఇది. కారణం ఏంటంటే, ఒంట్లో సత్తువ ఎక్కువున్న తల్లికి బలమైన మగపిల్లని కనడం లాభం, అది పెరిగి చాలా ఆడవాటితో జతకడుతుంది, సత్తువ అంతంతమాత్రంగా ఉన్న తల్లికి ఆడపిల్ల మేలు. ఇది అర్థం చేసుకుని, తరువాత మేతని తూకం వేసి పెట్టడం మొదలుపెట్టారు, గుడ్లు పెట్టేంత బలం రావాలి కానీ బరువు ఒక హద్దు దాటకూడదు. ఆ డబ్బాల్లో మిగిలిన గుళికల్ని మేం గ్రాము గ్రాము తూచేది అందుకే. 2002లో ఆడవాటన్నిటినీ ఫెనువా హౌకి చేర్చారు, రిము విరగకాసింది, 24 పిల్లలు బతికాయి, 62 నుంచి 86 అయ్యాయి, ఆడా మగా పాళ్లు కూడా సరిపడ్డాయి. ఇప్పుడు లెక్కపెట్టండి, 1990లో డబ్బిచ్చిన కంపెనీకి చెప్పుకోదగ్గ మొదటి ఫలితం కనబడటానికి పన్నెండేళ్లు పట్టింది. మధ్యలో పొరపాటు తెలుసుకుని, దిద్దుకోవడానికి టైమిచ్చారు. ఒక్క ఏడాది దాతకి ఆ పొరపాటు మాత్రమే కనబడి ఉండేది.

2019లో రికార్డు పంట, 70 పైగా పిల్లలు బతికి సంఖ్య 200 దాటింది. అదే ఏడాది ఊపిరితిత్తుల్లో బూజు తెగులు, ఆస్పర్‌జిల్లోసిస్, పట్టుకుంది. తొమ్మిది పిట్టలు చనిపోయాయి. మిగతా రోగుల్ని హెలికాప్టర్లలో, విమానాల్లో ఆక్లండ్ జూకీ, పామర్‌స్టన్ నార్త్‌లో మాసీ యూనివర్సిటీ ఆసుపత్రికీ, డ్యునెడిన్‌లోని అడవి జంతువుల ఆసుపత్రికీ పంపి, స్కానింగులు తీసి, నెలల తరబడి మందులిచ్చి బతికించారు. అప్పుడు ఇక్కడ ఎంత టెన్షనో చెప్పలేను, మా ఊళ్లో కిరాణా కొట్లో కూడా 'ఇవాళ ఎలా ఉన్నాయి' అని ఒకరినొకరు అడిగేవాళ్లం. ఇలాంటిది వచ్చినప్పుడు కొత్తగా దాతల్ని వెతుక్కుంటూ కూర్చుంటే పిట్టలు ఆగవు, ముందే నమ్మకంగా ఉన్న డబ్బుంటేనే ఆ ఫోన్ కాల్ అదే రోజు చేయగలరు. 2022లో ఇంకో 55 పిల్లలు, మొత్తం 252 అయ్యాయి.

చిన్న చందాలు పనికిరావని కాదు సుమా. కొన్నేళ్ల కిందట, అప్పటికి బతికున్న ప్రతి కాకాపోకీ జన్యు పటం తీశారు, అంతకుముందు ఏ జాతికీ అలా మొత్తం తీసింది లేదు, దానికి కొంత సొమ్ము మామూలు జనం వేసుకున్న చందాల నుంచే వచ్చింది. ఇవాళ ఏ మగదాన్ని ఏ దీవిలో ఉంచాలి, ఏ రెండిటికి దగ్గర చుట్టరికం ఉంది అని చూసేది ఆ పటాల్లోనే. ఫియోర్డ్‌ల్యాండ్ నుంచి మిగిలిన ఒకే ఒక్క ముసలి మగదానికి ఆ రిచర్డ్ హెన్రీ పేరే పెట్టారు. 1998లో ఫ్లాసీ అనే ఆడదానితో దానికి మూడు పిల్లలు పుట్టాయి, 2010లో అది పోయింది. ఆ ఫియోర్డ్‌ల్యాండ్ రక్తం ఈ జాతిలో మిగిలిందంటే ఆ మూడిటి వల్లే. మీరు సొంతంగా ఏమైనా ఇవ్వాలనుకుంటే సంరక్షణ శాఖ వాళ్ల కాకాపో దత్తత పథకం ఉంది, పిట్ట మీ ఇంటికి రాదు కానీ ఒక సర్టిఫికెట్, బొమ్మ వస్తాయి, పిల్లలు సంతోషిస్తారు.

ఇక మీ కంపెనీ సంగతి. సీఎస్‌ఆర్ డబ్బు కాకాపోకి ఇవ్వడం కుదరదు, ఆ డబ్బు ఇండియాలోనే ఖర్చు కావాలి. నిజానికి బయటికి రావాల్సిన అవసరమూ లేదు. మా లంకమల కొండల కింద కలివికోడి ఉంది. ఎగరగలదు కానీ నేల మీద పరుగే దాని బతుకు, కలివి పొదల మధ్య, అదీ రాత్రిపూట. 1900 తరువాత 86 ఏళ్లు ఎవరికీ కనబడలేదు, 1986లో పిట్టలు పట్టే ఐతన్న అనే స్థానికుడి వల్ల మళ్లీ దొరికింది. పెద్ద చదువులు చదివినవాళ్లు వెతుకుతుంటే, చీకట్లో లైటు పట్టుకుని తిరిగే మనిషి చూపించాడు. తరువాత కొన్నాళ్లు కనబడి, మళ్లీ ఏళ్ల తరబడి జాడ లేకుండా పోయింది. ఇలాంటి పిట్టకి మీ 'ఏడాదికొక జాతి' పథకం ఏం చేస్తుంది చెప్పండి? మొదటి ఏడాది పిట్టే కనబడకపోవచ్చు. మార్చి 31కి రిపోర్టులో ఏం రాస్తారు?

ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు మా వైపే ఒక అడవి అంచున ఒక కంపెనీ పెట్టిన పెద్ద బోర్డు చూశాను, పేరు ఇక్కడ అనవసరం. బోర్డు మెరిసిపోతోంది. నాతో వచ్చిన వాచర్ చెట్టుకి కట్టిన కెమెరా మూత తెరిచి చూపించాడు, లోపల బ్యాటరీలు కారిపోయి తెల్లగా ఉప్పులా పట్టింది, చీమలు గూడు పెట్టాయి. 'మొదటేడు బాగా చూసినారు సార్, తర్వాత బ్యాటరీలకి ఎవురూ డబ్బియ్యలే' అన్నాడు. అతని జీతం కూడా ఐదు నెలలుగా రాలేదు. కెమెరా ఖరీదు వేలల్లో, బ్యాటరీ ఖరీదు వందల్లో. నా బాధంతా అక్కడే.

చట్టం మీకు అడ్డు కాదు. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ కింద మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, వన్యప్రాణుల రక్షణ ఆ జాబితాలో ఉంది. 'కొనసాగే ప్రాజెక్టు' అని బోర్డు తీర్మానం చేస్తే, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు నడపొచ్చు, ఆ ఏడాది మిగిలిన సొమ్ము ఏప్రిల్ 30 లోపు విడి ఖాతాలో వేస్తే చాలు. అంటే నాలుగేళ్లు చేతిలో ఉన్నాయి. ఒక రిము పంట నుంచి ఇంకో పంట దాకా సరిపోయేంత టైము. నాలుగేళ్లయ్యాక మళ్లీ అదే పిట్టకి ఇంకో నాలుగేళ్లు రాసుకోండి.

మీటింగులో ఎవరైనా సంస్థ ప్రెజెంటేషన్ ఇస్తే ఎన్ని పిల్లలు పుట్టాయని అడక్కండి. మీ వాచర్లు ఎంతమంది, వాళ్లకి జీతం ఏ తేదీన పడుతుంది, పోయినేడు పనిచేయని పరికరాలు ఎన్ని, ఎందుకు, మీ పనిలో ఇప్పటిదాకా జరిగిన పెద్ద పొరపాటేంటి అని అడగండి. ఆఖరి ప్రశ్నకి నిజం చెప్పినవాళ్లకి ఇవ్వండి. మీ బడ్జెట్ చిన్నదైతే ఒక వాచర్ జీతం నాలుగేళ్లపాటు మీరు పెట్టుకోండి, కొత్త జీపు కొనివ్వడం కన్నా అదే నయం. కంపెనీలో మీరు మారిపోయినా ఆ జీతం ఆగకుండా ఒప్పందంలోనే రాయించండి, ఎందుకంటే సీఎస్‌ఆర్ హెడ్ మారగానే ఆగిపోయిన ప్రాజెక్టుల లెక్కలు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి.

ఇక పిల్లల సంగతి. కాకాపో దీవులకి మామూలు జనాన్ని రానివ్వరు, కాబట్టి కాకాపోని చూడటం దాదాపు కుదరదు, ముందే చెప్పి ఉంచండి. సిరోకో అని ఒక మగది ఉంది, చిన్నప్పుడు జబ్బు చేస్తే మనుషులు పెంచడంతో మనుషులకి అలవాటు పడింది. 2010లో దాన్ని ప్రభుత్వం తరఫున సంరక్షణకి ప్రచారకర్తగా కూడా ప్రకటించారు. అప్పుడప్పుడు జనానికి చూపించేవాళ్లు, మీరొచ్చే నెలలో అలాంటిదేమైనా ఉందేమో కనుక్కోండి. లేకపోయినా బాధపడకండి, టె అనౌ ఊళ్లో సరస్సు ఒడ్డున పక్షుల కేంద్రం ఉంది, టికెట్ లేదు, అక్కడ తకాహేలని చూపించండి. అదీ ఎగరలేనిదే, నీలం ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి లావు ముక్కు, జాతే అంతరించిందనుకున్నాక 1948లో ఆ ఊరికి ఎదురుగా కనిపించే మర్చిసన్ కొండల్లోనే మళ్లీ దొరికింది. దానికి సాయం చేస్తున్నది ఫుల్టన్ హోగన్ అనే రోడ్లు వేసే కంపెనీ. మేత వేసే వేళ కనుక్కుని పొద్దున్నే వెళ్లండి, కంచె దగ్గరికే వస్తాయి, గడ్డి దుబ్బుని ఒక కాలితో పట్టుకుని మన పిల్లలు చెరకు ముక్క పట్టుకున్నట్టే తింటాయి. చలికోటు తెచ్చుకోండి, వేసవిలో కూడా. ఇన్వర్‌కార్‌గిల్ మీదుగా వెళ్తే ముందు రోజు మెసేజ్ పెట్టండి, భోజనం మా ఇంట్లోనే.